శాటిలైట్ భూపటాన్ని సరిచూసుకోవడం: నల్లగొండ, పాలమూరు నేలకు ఏ దారి పనికొస్తుంది

నల్లగొండ పక్కన మూడెకరాల బత్తాయి తోట ఉందనుకుందాం. యూరప్ అంతరిక్ష సంస్థ ఉచితంగా ఇచ్చే వరల్డ్‌కవర్ పటంలో అది ‘చెట్లు’ రంగులో కనిపించాలి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) తయారుచేసి ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో పెట్టిన భూ వినియోగ పటంలో అదే తోట వ్యవసాయం కింద ‘తోటలు’ అనే పద్దులోకి పోతుంది. భారత అటవీ సర్వే సంస్థ లెక్క ఇంకొకటి. హెక్టారుకు మించిన నేల మీద పది శాతానికి పైగా చెట్ల గొడుగు ఉంటే చాలు, అది పట్టా భూమైనా పండ్ల తోటైనా అటవీ విస్తీర్ణంలో చేరుతుంది. ఒకే తోటకు మూడు పేర్లు, మూడూ ఆయా నిర్వచనాల ప్రకారం సరైనవే.

శాటిలైట్ పటం తప్పా ఒప్పా అని తేల్చడానికి దిగినవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. పటం చేసినవాళ్లు ‘పంట’ అంటే ఏమనుకున్నారో చదవకుండా, మనం అనుకున్న పంటతో పోల్చి మార్కులు వేస్తే ఆ మార్కులకు అర్థం ఉండదు.

పాలమూరు చెల్కల (వానాధార మెట్ట చేల) విషయంలో ఈ తేడా మరీ పెద్దది. అమెరికా పటాల సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్రి ఇచ్చే పటం వివరణ ప్రకారం గెట్లు, దున్నిన ఆనవాళ్లు ఉన్న పడావు (సాగు చేయక వదిలేసిన) భూమి కూడా పంట భూమే. వరల్డ్‌కవర్ మాత్రం విత్తిన 12 నెలల్లోపు కనీసం ఒకసారి కోతకొచ్చే నేలనే పంట భూమి అంటుంది. వాన మొహం చాటేసిన ఏడాది దేవరకద్ర వైపు ఒక కంది చెల్క విత్తకుండా మిగిలిపోతే, ఈ రెండు పటాలూ దాని గురించి రెండు మాటలు చెప్పినా ఆశ్చర్యపోనక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వరి మడి సంగతీ అంతే. ఎస్రి పటంలో ‘నీట మునిగిన పచ్చదనం’ అనే తరగతి ఉంది, దాని వివరణలోనే వరి మడుల పేరు ఉంది. అక్కడ వరి ‘పంట’గా రాలేదని తప్పు పడితే పొరపాటు మనదే అవుతుంది.

అందుకే ముందుగా మీకు కావాల్సిన ‘పంట’, ‘చెట్లు’, ‘నీళ్లు’ ఏమిటో కాగితం మీద రాసుకోండి. పక్కనే పటం ఇచ్చిన వివరణ రాయండి. రెండూ కలవని చోట తరగతులు కలపండి, కలపడం కుదరకపోతే ఆ పటాన్నే వదిలేయండి. బత్తాయి తోటల లెక్క కావాలనుకునేవాళ్లకు వరల్డ్‌కవర్ ఎంత కచ్చితంగా ఉన్నా పనికిరాదు, ఎందుకంటే అందులో ఆ పద్దే లేదు.

పటాల్లో ఏది?

మన దగ్గర నేలను కొలిచేది ఎకరాల్లో, గుంటల్లో కాబట్టి శాటిలైట్ చిత్రంలోని చిన్న గడి అయిన పిక్సెల్‌నూ అందులోనే చూడండి. గుంట అంటే 101 చదరపు మీటర్లు. యూరప్ ఉపగ్రహం సెంటినల్-2 పిక్సెల్ 10 మీటర్ల చదరం, 100 చదరపు మీటర్లు, అంటే దాదాపు గుంటకొక పిక్సెల్, ఎకరానికి నలభై. భువన్ పటానికి ఆధారమైన, భారత ఉపగ్రహాల్లోని లిస్-3 కెమెరా పిక్సెల్ 23.5 మీటర్లు, ఐదున్నర గుంటలు. అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్‌ది 30 మీటర్లు, తొమ్మిది గుంటలు. నాసా మోడిస్ సెన్సర్ ‘500 మీటర్ల’ పటంలో ఒక్కో గడి నిజానికి వైపుకు 463 మీటర్లు, దాదాపు 53 ఎకరాలు. అందులో ఒక ఊరి వరి, పత్తి, గుట్ట, చెరువు కట్ట అన్నీ కలిసిపోతాయి.

పది మీటర్లంటే ఎకరం మడి బాగా తెలుస్తుందని అనుకోకండి. ఎకరం చదరంగా ఉంటే వైపుకు 64 మీటర్లే. అంచున ఉన్న పిక్సెళ్లలో గెట్టు, పక్క మడి, తుమ్మ చెట్టు కలిసి ఉంటాయి. అవి తీసేస్తే అచ్చంగా ఆ మడివే అయిన పిక్సెళ్లు సగం వరకే మిగులుతాయి. అరెకరం కమతాలున్న చోట ఇంకా తక్కువ.

నా ఎంపిక చెబుతాను. ఊరో మండలమో మొత్తంగా ఎట్లా ఉందో చూడటానికి వరల్డ్‌కవర్ చాలు, దాని పదకొండు తరగతుల వివరణలు స్పష్టంగా ఉంటాయి. కానీ అది ఉన్నది 2020, 2021 సంవత్సరాలకు. రెండిటినీ వేర్వేరు పద్ధతుల్లో తయారుచేశారు కాబట్టి వాటి మధ్య తేడాను నేలలో వచ్చిన మార్పుగా చదవకూడదు. ఏ నెలలో ఏముందో కావాలంటే గూగుల్ డైనమిక్ వరల్డ్ మేలు. 2015 జూన్ నుంచి మబ్బు పెద్దగా అడ్డం రాని ప్రతి సెంటినల్-2 చిత్రానికీ అది ఒక పటం ఇస్తుంది, ప్రతి పిక్సెల్ ఏ తరగతికి ఎంత దగ్గరగా ఉందో సంభావ్యతతో సహా చెబుతుంది. అదే దాని బలహీనత కూడా. అమ్రాబాద్ అడవిలో ఆకు రాలిన మార్చి చిత్రం, పచ్చగా ఉన్న అక్టోబర్ చిత్రం ఒకే చెట్లకు రెండు పేర్లు పెట్టే వీలుంది. కనీసం ఒక సీజన్ చిత్రాలన్నీ కలిపి చూడాలి. ఏటా వరుసగా ఒకే తీరు పటం కావాలంటే 2017 నుంచి ఉన్న ఎస్రి పటం ఉంది. తోటలు, పడావు, చిట్టడవి వేర్వేరుగా కావాలనుకునేవాళ్లకు మాత్రం నా ఓటు భువన్‌కే. గడి పెద్దదైనా దాని పద్దులు మన నేలను చూసి పెట్టినవి.

వానాకాలం పంటకు వీటిలో ఏదీ నమ్మకమైనది కాదు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులు కెమెరాకు అడ్డం పడతాయి. వరి నాట్లు పట్టుకోవాలంటే సెంటినల్-1 రాడార్ చిత్రాలు వాడాలి. మబ్బు దానికి అడ్డు కాదు, నీళ్లు పెట్టిన మడి అందులో నల్లగా కనబడి, పైరు ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది.

ప్రచురించిన శాతాన్ని నమ్మి ఊరుకోవచ్చా?

వరల్డ్‌కవర్ వాళ్లు తమ 2020 పటానికి 74.4 శాతం, 2021 పటానికి 76.7 శాతం కచ్చితత్వం ప్రకటించారు. నిజాయితీగా ఇచ్చిన అంకెలే, కానీ అవి ప్రపంచం మొత్తానివి. సహారా ఇసుక, అమెజాన్ అడవి అన్నీ అందులో ఉన్నాయి. మన చెల్కలకు అది 60 కావచ్చు, 90 కావచ్చు.

2022లో వెలువడిన ఒక పోలిక ఈ సంగతిని బాగా చూపిస్తుంది. ఈ పది మీటర్ల పటాలు మూడింటినీ ప్రపంచవ్యాప్తంగా ఒకే ఆధార సమాచారంతో సరిచూస్తే ఎస్రికి 75, డైనమిక్ వరల్డ్‌కు 72, వరల్డ్‌కవర్‌కు 65 శాతం వచ్చాయి. యూరప్‌లో మనుషులు నేల మీద తిరిగి చిన్న చిన్న తునకల స్థాయిలో నమోదు చేసిన సమాచారంతో సరిచూస్తే వరస తిరగబడింది. వరల్డ్‌కవర్ 71, డైనమిక్ వరల్డ్ 66, ఎస్రి 63. మారింది పటాలు కాదు, కొలిచే తునక సైజు, కొలిచిన చోటు. చిన్న కమతాల నేల మనది కాబట్టి రెండో పోలికే మనకు దగ్గర, అయినా అది కూడా మన నేల మీద చేసింది కాదు. ఏదైనా పటం ‘85 శాతం కచ్చితం’ అని చెప్పినప్పుడు ఎక్కడ, దేనితో పోల్చి అని అడగండి. జవాబు దొరక్కపోతే ఆ అంకెను పక్కన పెట్టండి.

సరిచూసే దారులు

అందరికీ ముందు తట్టేది పటాన్ని పటంతో పోల్చడం. క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లో పది నిమిషాల పని. రెండు పటాలు ఎక్కడ ఒప్పుకోవట్లేదో తెలుస్తుంది, ఎవరు సరైనవారో తెలియదు. పైగా ఈ పటాల్లో చాలావాటికి మూలం అదే సెంటినల్-2. గుట్ట మీది తెల్ల బండను ఒకటి ఇళ్లుగా పొరబడితే రెండోదీ పొరబడే అవకాశముంది, అప్పుడు ఇద్దరూ కలిసి మనల్ని నమ్మిస్తారు. దీన్ని తీర్పు కోసం కాదు, ఎక్కడ ఎక్కువ కష్టపడాలో తెలుసుకోవడానికి వాడండి.

రెండోది రికార్డులు. రెవెన్యూ వాళ్ల పహాణీలో ఖుష్కి (మెట్ట) అని ఉన్న నేలలో బోరు వేసి వరి పెట్టిన రైతులు ప్రతి ఊళ్లో ఉన్నారు. దాన్ని ఆధారంగా పెట్టుకుంటే సరిగ్గా చూపిన పటమే తప్పయిపోతుంది. వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈఓలు) సీజన్‌కోసారి చేసే పంట నమోదు ఇంకా మేలు. అది సర్వే నంబరు వారీగా ఉంటుంది కాబట్టి ఊరి మొత్తం ఎకరాలు పోల్చడానికి పనికొస్తుంది. అయితే మొత్తాలు కలిసినంత మాత్రాన పటం సరైనదని కాదు. ఒక చోట వదిలేసిన వరి, మరో చోట లేకపోయినా రాసిన వరి ఒకదాన్నొకటి సరిపెట్టేయవచ్చు. ఇంకో జాగ్రత్త: పాత జిల్లా గణాంక పుస్తకాలతో పోల్చేవాళ్లు హద్దులు చూసుకోవాలి. 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, పాత మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగుళాంబ గద్వాల విడిపోయాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరైంది. పాత మహబూబ్‌నగర్‌లో ఉన్న షాద్‌నగర్, ఉపగ్రహ సమాచారాన్ని అందుకునే ఎన్ఆర్ఎస్‌సీ కేంద్రం ఉన్న ఊరు, ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉంది.

మూడోది కుర్చీలో కూర్చుని స్పష్టమైన చిత్రాల మీద చూడటం. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు దొరుకుతాయి. కలెక్ట్ ఎర్త్ ఆన్‌లైన్ అనే ఉచిత వేదికలో సరిచూడాల్సిన పాయింట్లు పెట్టుకుని, ఒక్కో పాయింట్ దగ్గర ఏముందో నలుగురు కలిసి పేర్లు పెట్టవచ్చు. ఇల్లు, చెరువు, తోట, గుట్ట, వరుసల్లో నాటిన చెట్లు బాగా తెలుస్తాయి. పత్తికీ కందికీ తేడా తెలియదు. చిత్రం ఎండాకాలందైతే చెల్క విత్తినదో పడావో కూడా తెలియదు. తేదీ చూడకుండా పేరు పెట్టకండి.

నాలుగోది పొలానికి పోవడం. ఖర్చు, ఎండ, దూరం అన్నీ ఉన్నా పంట పేరు తేల్చేది ఇదొక్కటే. పోవాల్సింది సీజన్‌లో. పత్తి పటాన్ని మార్చిలో సరిచూడటానికి పోతే కనబడేది మోళ్లే. అప్పుడు దగ్గర్లో ఉన్న రైతును అడగాలి: “అన్నా, ఈ చెల్కల వానాకాలం ఏమేసిండ్రు?” ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పండి, పేరూ ఫోన్ నంబరూ రాసుకోకండి. ఆ వివరాలు ఈ పనికి అక్కర్లేదు, పైగా బీమా వాళ్లో రెవెన్యూ వాళ్లో వచ్చారనుకుంటే సరైన జవాబు రాదు. క్యూఫీల్డ్, కోబో కలెక్ట్ యాప్‌లలో ఏదో ఒకటి ఫోన్‌లో పెట్టుకుంటే సిగ్నల్ లేని చోట కూడా నమోదు చేయవచ్చు.

చాలామందికి నేను చెప్పేది మూడో దారి, నాలుగో దారి కలపమనే. అన్ని పాయింట్లకూ చిత్రాల మీద పేర్లు పెట్టండి. అక్కడ తేలని వాటికే బండి తీయండి.

పాయింట్లు ఎక్కడ పెట్టాలి?

పద్ధతి ఏదైనా చివరికి ఫలితాన్ని నిలబెట్టేదీ చెడగొట్టేదీ ఇదే, అందుకే దీనికి ఎక్కువ చోటిస్తున్నాను.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. గిన్నెలో వేడి అంతటా ఒకే తీరుగా తగులుతుంది కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. నేల అట్లా ఉండదు. రోడ్డు పక్క పొలాలకు నీళ్లు, బోర్లు, మార్కెట్ దగ్గర. లోపలికి పోయేకొద్దీ పడావు పెరుగుతుంది, చిట్టడవి మొదలవుతుంది. దేవరకొండ రోడ్డు మీద బండి ఆపి ఆపి తీసుకున్న పాయింట్లతో పటం బాగుందని తేలితే, ఆ రోడ్డు వెంట బాగుందనే అర్థం.

పాయింట్లను కంప్యూటర్ చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా తీయాలి. తరగతి వారీగా విడగొట్టి తీస్తే ఇంకా మంచిది. లేకపోతే ఎక్కువ విస్తీర్ణమున్న పంట భూమికే అన్ని పాయింట్లూ పోయి చెరువులకూ తోటలకూ రెండు మూడే మిగులుతాయి. క్యూజీఐఎస్‌లో అకటామా అనే ప్లగిన్ ఈ పనంతా చేస్తుంది, లెక్క కూడా అదే ఇస్తుంది.

ఎన్ని తీయాలి? కచ్చితత్వం 80 శాతం దగ్గర ఉంటుందనుకుని, అంచనా ఐదు శాతం అటూ ఇటూలో ఉండాలంటే 246 పాయింట్లు కావాలి. మండలమైనా జిల్లా అయినా ఈ అంకె దాదాపు మారదు, నేల పెద్దదైతే పాయింట్లు పెరగాలనుకోవడం అపోహ. ఒక్కో తరగతి గురించి విడిగా మాట్లాడాలంటే తరగతికి కనీసం యాభై ఉంచండి.

పాయింట్‌కు పేరు పెట్టేవాళ్లకు పటం ఏం చెప్పిందో కనబడకూడదు. కనబడితే అనుమానమున్న ప్రతిచోటా పటం మాటకే మొగ్గుతారు, శాతం ఊరికే పెరుగుతుంది. వీలైతే ఇద్దరు విడివిడిగా పెట్టి, తేడా వచ్చినవి కలిసి చూసుకోండి.

అంచు మీద పడ్డ పాయింట్లను తీసేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా ఐదు మీటర్ల దాకా అటూ ఇటూ చూపుతుంది, ఆ మాత్రానికే పక్క పిక్సెల్‌లోకి పోవచ్చు. అయినా తీసేయవద్దు. పటం ఎక్కువగా తప్పేది అంచుల్లోనే, వాటిని తీసేస్తే సులువైన ప్రశ్నలకే మార్కులు వేసినట్టవుతుంది. అట్లాంటి చోట మొదటి పేరు, రెండో పేరు రెండూ రాసి, లెక్క కూడా రెండు విధాలుగా చూపండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల పడ్డ పాయింట్లదీ ఇదే నియమం. అనుమతి లేక పోలేకపోతే చిత్రం మీద పేరు పెట్టండి, అంతేకానీ దాని బదులు రోడ్డు పక్కన ఇంకోటి తీసుకోకండి.

శాతం దాచేసేది

ఊహా లెక్క ఒకటి చూడండి. మండలం 50,000 ఎకరాలు. పటం 10,000 ఎకరాలు వరి అంటుంది, మిగతా 40,000 వరి కాదంటుంది. రెండు వైపులా నూరేసి పాయింట్లు తీశాం. వరి అన్నచోట 90 నిజంగా వరి. వరి కాదన్నచోట 95 సరే, 5 చోట్ల వరి ఉంది.

విస్తీర్ణాల ప్రకారం లెక్కిస్తే మొత్తం కచ్చితత్వం 94 శాతం. ఇక్కడితో ఆగిపోయే రిపోర్టులు చాలా ఉంటాయి. ముందుకు పోదాం. పటం వరి అన్న దాంట్లో నిజమైన వరి 9,000 ఎకరాలు. కాదన్న 40,000లో ఐదు శాతం, అంటే 2,000 ఎకరాల వరిని పటం వదిలేసింది. అసలు వరి అంచనా 11,000 ఎకరాలు. ఉన్న వరిలో పటం పట్టుకున్నది 82 శాతమే. ఈ 82నే ప్రొడ్యూసర్స్ అక్యురసీ అంటారు. పటం వరి అన్నచోట వరి ఉండే అవకాశం 90 శాతం, అది యూజర్స్ అక్యురసీ. పొలం రైతుకు మొదటిది ముఖ్యం, ఎందుకంటే ఆయన వరి లెక్కలోకి వచ్చిందా లేదా అనేది దాంట్లోనే తెలుస్తుంది.

ఇంకో మెట్టు ఉంది. ఈ 11,000 కూడా నూరేసి పాయింట్ల మీద వచ్చిన అంచనా కాబట్టి దాదాపు 1,800 ఎకరాలు అటూ ఇటూ ఉండవచ్చు. ఇన్ని పాయింట్లతో పటం తక్కువ చూపిందని కూడా గట్టిగా అనలేం. ఆ హద్దును తప్పక రాయండి. పాత థీసిస్‌ల్లో కనబడే కప్పా అనే సంఖ్యను మాత్రం వదిలేయవచ్చు, పై రెండు చెప్పని సంగతి అది ఏమీ చెప్పదు.

మార్పును చూసేవాళ్లకు ఇంకా కఠినం. 90 శాతం సరైన రెండు పటాలను తీసుకుని, వాటి తప్పులు ఒకదానికొకటి సంబంధం లేనివనుకుంటే, రెండింట్లోనూ సరైన చోట్లు 81 శాతమే. ఐదేళ్లలో పడావు ఆరు శాతం పెరిగిందని రెండు పటాల తేడా చూపిస్తే ఆ ఆరు నేలదో తప్పులదో చెప్పలేం. మారిందని పటం చెప్పిన చోట్లను విడి తరగతిగా పెట్టి అక్కడే పాయింట్లు తీయాలి. సొంతంగా సెంటినల్-2తో పచ్చదనం సూచీ లెక్కించేవాళ్లు 2022 జనవరి 25 నుంచి వచ్చిన చిత్రాల విలువల్లో 1,000 అదనంగా కలిసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. దాన్ని తీసేయకపోతే, లేదా ముందే సరిచేసిన హార్మనైజ్డ్ చిత్రాలు వాడకపోతే, ఆ ఏడాది నుంచి ఊరంతా పచ్చదనం తగ్గినట్టు కనబడుతుంది.

నేల తేమ, నేల వేడి లాంటి కొలతలకు ఈ పాయింట్ల పద్ధతి చెల్లదు. నాసా స్మాప్ ఉపగ్రహం తేమను కొలిచే తునక 36 కిలోమీటర్లది, ఒక పొలంలో గుచ్చిన సెన్సర్‌తో దాన్ని సరిచూడలేం. ల్యాండ్‌శాట్ చెప్పే వేడి నేల పైపొరది, మండలాల్లోని వాతావరణ కేంద్రాలు చెప్పేది గాలిది. మే నెల మధ్యాహ్నం రెండూ కలవకపోవడమే సహజం.

ఎవరు ఏది ఎంచుకోవాలి?

మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో పీజీ ప్రాజెక్టు చేసే విద్యార్థికి 250 పాయింట్లు, చిత్రాల మీద పేర్లు, తేలని వాటికి పొలం చాలు. మొత్తం శాతం ఒక్కటే కాకుండా తరగతి వారీ పట్టిక, హద్దులతో విస్తీర్ణం పెట్టండి.

రైతు ఉత్పత్తిదారుల సంఘం తమ ఊళ్లలో పత్తి ఎంత, కంది ఎంత అని తెలుసుకోవాలంటే ఈ సాధారణ భూపటాలు వద్దు. వాటిలో పత్తికీ కందికీ కలిపి ‘పంట’ అనే ఒక్క పద్దే ఉంటుంది. ఏఈఓ పంట నమోదు తీసుకుని, సీజన్‌లో యాదృచ్ఛికంగా ఎంచిన పొలాల్లో దాన్నే సరిచూసుకోవడం చవక, నమ్మకం కూడా ఎక్కువ.

చెరువు కబ్జా గురించి రాయాలనుకునే విలేకరులకు, కేసు వేయాలనుకునే ఊరివాళ్లకు ఒక మాట. తరగతుల పటాన్ని సాక్ష్యంగా పెట్టకండి. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోతే శిఖం (చెరువు లోపలి) భూమిలో పంట వేయడం మామూలే, పటం దాన్ని పంట అని చూపుతుంది. గుర్రపుడెక్క కమ్ముకున్న చెరువు పచ్చిక లాగో పొద లాగో కనబడుతుంది. ఈ రెండూ కబ్జాలు కావు. చెరువు నిండిన ఏళ్లలో అక్టోబర్, నవంబర్ చిత్రాలు వరసగా నాలుగైదు ఏళ్లవి తీసి, అధికారిక ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దును వాటి మీద పెట్టి చూడండి. హద్దు లోపల కొత్త కట్టడమో మట్టి నింపిన చోటో కనబడితే ఆ బిందువు దగ్గరికి పోయి, తేదీ, జీపీఎస్ పడేలా ఫోటో తీయండి. పది మీటర్ల పిక్సెల్ గుంట నేలను చూపుతుంది, అందులో పావు గుంట ప్రహరీ గోడ ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో చూపలేదు. దానికి ఫోటో, సర్వేయర్ కొలత కావాలి.